సముద్రపు నీళ్లతో పర్ణశాల దాకా

పర్ణశాల చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని వెళ్లొస్తారు. ముప్పై అయిదు కిలోమీటర్లు, గంట ప్రయాణం. నేను వెళ్లింది దర్శనానికి కాదు. లీటరు సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకుని వెళ్లాను. విశాఖ రేవులో ఓడలెక్కి నావికులను పలకరించడం నా పని. మా క్రైస్తవ సేవాకేంద్రం తరఫున సిమ్ కార్డులు, ఉన్ని టోపీలు, అడిగినవాళ్లకు బైబిలు తీసుకెళ్తాను. ఓడ దిగడానికి అనుమతి దొరకనివాళ్లకు సబ్బో, పచ్చడో బజారు నుంచి తెచ్చిపెడతాను. పాస్టరును కాను గానీ ఇరవై ఏళ్లుగా ప్రార్థన చెయ్యమన్నవాళ్లకల్లా చేస్తున్నాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ అని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

మొన్న వానాకాలంలో రేవుకు ఒక బొగ్గు ఓడ వచ్చింది. అందులో ఇంజన్ గదిలో పనిచేసే నరేష్ అనే ముప్పై ఏళ్ల మనిషి, దమ్మపేట దగ్గరి పల్లెవాడు, నడిసముద్రంలో కనపడకుండా పోయాడు. పొద్దున డ్యూటీకి రాలేదని వెతికితే ఓడలో ఎక్కడా లేడు. ఓడను వెనక్కి తిప్పి రెండు రోజులు గాలించారట. కళాసీల పెద్దను ఓడలో బోసన్ అంటారు. ఆయనది ఫిలిప్పీన్స్. వెతకడం ఆపిన చోట బకెట్ దించి నీళ్లు తోడి సీసాకు పట్టాడు. ఓడ మన రేవుకు చేరాక ఆ సీసా నా చేతికిచ్చి, ఇంటివాళ్లకు చేర్చమన్నాడు, డెక్ మీద ప్రార్థన చెయ్యమన్నాడు. ప్రార్థన అప్పుడే చేశాను. సీసా మాత్రం ఆఫీసు బీరువాలో పెట్టి రేపు, ఎల్లుండి అనుకుంటూ నలభై రోజులు గడిపాను. ఆ గడప తొక్కే ధైర్యం లేకపోయింది, అంతే.

చివరికి నరేష్ అన్న వెంకన్నే ఓడ కంపెనీలో నా నంబరు కనుక్కుని ఫోన్ చేశాడు. ఆయన సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. కంపెనీ పంపిన కాగితంలో మనిషి కనబడుటలేదు అనే ఉందట. తమ్ముడి భార్య సునీత ఆ ఒక్క మాట పట్టుకుని, కర్మ చెయ్యనివ్వడం లేదని చెప్పాడు. "మేం చెప్తే ఇంటలేదు సార్. మీరు ఆ ఓడ ఎక్కిండ్రు, మీరు చెప్తే ఇంటది" అన్నాడు. ఇక తప్పించుకోవడానికి నా దగ్గర సాకు మిగల్లేదు.

పొద్దున్నే రైలెక్కితే తొమ్మిదిన్నరకు రాజమండ్రి. అక్కణ్ణుంచి జంగారెడ్డిగూడెం మీదుగా అశ్వారావుపేటకు బస్సులో మూడు గంటలు దాటింది, టికెట్ రెండొందల లోపే. జంగారెడ్డిగూడెం దాటాక దారికి రెండు వైపులా పామాయిల్ తోటలే. ఉక్కపోతకు పక్క సీటు పెద్దాయన నా ఒళ్లో సీసా చూసి గుక్కెడు నీళ్లు ఇమ్మన్నాడు. ఇవ్వలేనన్నాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు, ఇంత నోరున్నవాణ్ణి. ఏం మనుషులో అని గొణుక్కుంటూ ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అశ్వారావుపేటలో ఆటో ఎక్కి దమ్మపేట మీదుగా ఆ పల్లె చేరేసరికి రెండయింది.

సునీత అంగన్‌వాడీ టీచరు. అప్పుడే సెంటర్ మూసి వచ్చింది. నుదుట బొట్టు, చేతినిండా గాజులు. వచ్చినవాళ్లకు ముందు అన్నం పెట్టాలి అంటూ నాకూ వెంకన్నకూ కంచాలు పెట్టింది. వాటి పక్కన ఇంకో కంచం పెట్టి అందులోనూ అన్నం వడ్డించింది. అది నరేష్‌దని వెంకన్న నాకు మెల్లగా చెప్పాడు. రోజూ అంతేనట. వరదలో గోదావరి ఈదినోడు, ఏ దీవిలోనో ఒడ్డుకు చేరి ఉంటాడని ఆమె నమ్మకం.

తిన్నాక సీసా ముందు పెట్టి, బోసన్ సంగతి చెప్పాను. అసలు మాట దగ్గరికొచ్చేసరికి దేవుడి చిత్తం, మన చేతుల్లో ఏముంది అంటూ నీళ్లు నమలసాగాను. వెంకన్న నా వంకే చూస్తున్నాడు. సునీత నన్ను ఆపింది.

"ఒక్కటి అడుగుత అయ్యగారు. ఓడ మీద మీరు చేసిన ప్రార్థన ఏంది? ఆయన దొరకాలని చేసిండ్రా, పోయినోళ్లకు చేసేది చేసిండ్రా?"

అబద్ధం చెప్పడం సులువే. కానీ ఆమె మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "పోయినవాళ్లకు చేసేదేనమ్మా" అన్నాను.

"గట్ల చెయ్యమని ఎవరన్నరు?"

"బోసన్. రెండు రోజులు కళ్లు మూయకుండా వెతికినవాడే అడిగాడు."

"ఆయన ఏడ్చిండా?"

"ఏడ్చాడమ్మా. ఓడలో అందరూ ఏడ్చారు."

ఆమె ఆ కంచాన్ని తన వైపు జరుపుకుంది. "అయితే మీరంత ఎప్పుడో సాగనంపిండ్రు. నేనొక్కదాన్నే అన్నం పెట్టుకొని కూసున్న" అంది. కంచం తీసి, చెయ్యి కడుక్కుని, కర్మకు రేపు పర్ణశాల పోదాం బావా అని వెంకన్నతో చెప్పింది.

మర్నాడు ఆరింటికి వెంకన్న స్నేహితుడి కారులో బయల్దేరాం. ములకలపల్లి, పాల్వంచ మీదుగా భద్రాచలానికి రెండున్నర గంటలు. ఆ దారికి రానూ పోనూ కిరాయి నాలుగు వేలుంటుందట, ఆ స్నేహితుడు డీజిల్ కూడా తనే పోయించుకున్నాడు. పర్ణశాల రేవులో పంతులుగారు అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నారు. నీళ్లు పొయ్యడానికి వెంకన్న చెయ్యి చాపితే సునీత సీసా ఇవ్వలేదు. మూత తీసి, వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది. "గింత ఉప్పు నీళ్లల్ల ఎంత దూపయిందో" అని, ఆ దాహం తలుచుకుని అప్పుడు ఏడ్చింది. నీళ్లన్నీ గోదావరిలో పోసింది. మా వెనకే ఇంకో బండిలో ఊళ్లోంచి వచ్చిన ఆడవాళ్లు దగ్గరికి రాబోతే, గాజులు నేనే తీసుకుంట, ఎవరూ ముట్టొద్దు అని మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే తీసింది. నేను పక్కకు వెళ్లి ఏడ్చాను.

ఆ డెక్ మీద నేను మంచిపనే చేశాననుకున్నాను. బోసన్ గుండె కుదుటపడింది, ఓడవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుంది. ఇంట్లో ఒక మనిషి ఇంకా ఎదురుచూస్తోందన్న ఆలోచన నాకు తట్టనే లేదు. పర్ణశాల వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిదిలోపు చేరుకోండి, రేవులో రద్దీ ఉండదు. నేను చెప్పదలచిన జాగ్రత్త మాత్రం వేరే. దూరాన పోయినవాళ్ల కోసం మీరెక్కడైనా కడసారి ప్రార్థనో, పూజో చెయ్యాల్సివస్తే, మొదలుపెట్టే ముందు వాళ్ల ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యండి. నరేష్ ఇంటి నంబరు ఆ రోజే బోసన్ నాకు రాసిచ్చాడు. నేను చెయ్యలేదు. సునీత నలభై రోజులు అన్నం వడ్డించింది.