నాలుగో జ్వరం దాటిన పురుగులు

మా అమ్మ ముప్పై ఏళ్ళుగా నములుతున్న పొగాకును నా పట్టుపురుగుల కోసం ఒక్క పూటలో మానేసింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తరువాత జరిగింది విని ఆమెను తిట్టుకునేవాళ్ళు ఉంటారు. మా వదిన తిట్టింది, మా అన్న తిట్టాడు. నేను మాత్రం నోరు మూసుకుని కూర్చున్నాను. వాళ్ళ తిట్లకంటే అదే పెద్ద అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను.

మాది పేరేసంద్రలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. అవి యాభైల చివరి రోజులు, నాకు ఇరవై రెండేళ్ళు. నా మొగుడు చావలేదు. పిల్లలు పుట్టలేదని ఇంకొకతెను తెచ్చుకున్నాడు. ఆమె గడపలో నిలబడితే హారతి పళ్ళెం నా చేతికే ఇచ్చారు. నాకు మొదటినుంచీ కోపం ఎక్కువ. పళ్ళెం అరుగు మీద పెట్టేసి, కట్టుబట్టలతో పుట్టింటికి నడిచి వచ్చేశాను.

పుట్టిల్లంటే అప్పటికే అన్న ఇల్లు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అన్న చెడ్డవాడేమీ కాదు. వానను నమ్ముకున్న చేను, ఐదుగురు పిల్లలు, ముసలి తల్లి, వాళ్ళ మీద నేను. వదిన నా కంచంలో సంగటి ముద్ద వేసే ముందు ఒకసారి అన్న ముఖంలోకి చూసేది. రోజుకు రెండుసార్లు ఆ చూపు చూడలేక చచ్చిపోయేదాన్ని. ఎవరి ముఖమూ చూడనక్కర్లేకుండా తినే ముద్ద ఒకటి ఉంటే చాలనిపించింది. అంతకు మించి పెద్ద ఆశలేవీ నాకు లేవు.

దిబ్బూరహళ్ళిలో మా అమ్మకు అక్క వరసయ్యే ఒకామె ఉండేది. నాకు పెద్దమ్మ. మొగుడు పోయినా పట్టుపురుగులు మేపుకుంటూ ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతుకుతోందని విన్నాను. నన్నెవరూ పొమ్మనలేదు, ఆమె రమ్మననూ లేదు. నేనే పోయి ఆమె వాకిట్లో కూర్చున్నాను. మూడు పంటల కాలం ఆమె దగ్గర మల్బరీ ఆకు తరిగాను, తట్టలు మార్చాను, పురుగుల పెంట ఎత్తాను.

పట్టుపురుగు తన బతుకులో నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిలిచిపోతుంది. ఒక దినం అట్లా ఉండి, పాత చర్మం విడిచి మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం దాటితే ఇక ఆబగా తిని గూడు కట్టడమే మిగులుతుంది. ఆ గూళ్ళే పంట.

నేను వచ్చేసేటప్పుడు పెద్దమ్మ గుడ్లు అంటిన కాగితం తడిగుడ్డలో చుట్టి ఇస్తూ గట్టిగా చెప్పింది. "కొత్తోళ్ళను లోపలికి రానీకు. పక్కన మిరపకాయలు ఏంచనీకు. పొగాకు తినే చెయ్యి తట్ట మీద పడకూడదు, దాని వాసన సోకినా పురుగు నిలవదు. నువ్వు బయటుండే మూడు దినాలూ గడప తొక్కొద్దు. దేవుని గుడికన్నా మడిగా ఉండల్ల." బయటుండడం అంటే నెలసరి. ఆ రోజుల్లో మేము ఇంట్లోకే వెళ్ళేవాళ్ళం కాదు, ఇక పురుగుల గదిలోకి ఎట్లా పోతాం?

అంతకు ముందే ఏడాదిగా, దిబ్బూరహళ్ళికి వెళ్ళివస్తూనే, బావి పక్కన అన్న వదిలేసిన రాళ్ళ తుండులో మల్బరీ కొమ్మలు నాటి, కడవతో నీళ్ళు పోసి పెంచాను. పశువుల కొట్టంలో సగం అడిగాను. అన్న నా వైపు చూడకుండానే చెప్పాడు. "చింతామణిలో మనోళ్ళు ఉండారు గదా, శెనక్కాయల యాపారం చేస్తాండారే, ఆయప్ప పెండ్లాము మంచంలోనించి లెయ్యలేదంట. వంటకూ, ఆమెను చూసుకునేకూ ఒక ఆడమనిషి కావల్లంట. నేను మాటిచ్చినాను. నీకు ఒక పంట వదుల్తా. అది ఎత్తితే ఇంగ నేనేం అడగను. పోయిందనుకో, మాట్లాడకుండా బస్సెక్కల్ల."

సరేనన్నాను. జీవితమంతా ఒకరింట్లో మంచం పక్కన కూర్చోవడమా, నా పొయ్యి నేను పెట్టుకోవడమా అన్నది ఆ ఒక్క పంట మీద నిలబడింది.

ఆ సాయంత్రమే అమ్మ తన వక్కాకు సంచి రొండి నుంచి తీసి పక్కింటి ముసలామెకు ఇచ్చేసింది. పొగాకు లేక తల పగిలిపోతోందని నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని తిరిగింది. నోరు ఊరుకోక చింతగింజలు చప్పరించేది. "యాల మా ఇంత కష్టం, నువ్వు కొట్టం దిక్కు రాకుంటే సరిపోతుంది గదా" అన్నాను. "నువ్వు బయటుండే మూడు దినాలు ఎవురు మేపుతారే? మీ వదినా?" అంది. నాకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. మూడు పంటలు నేర్చుకున్నదాన్ని, నా ఒంటి లెక్క నేను వేసుకోలేదు.

పురుగులు బాగా వచ్చాయి. ఒకటో జ్వరం, రెండో జ్వరం, మూడోది. వదిన కూడా గుమ్మం బయటి నుంచి తొంగిచూసి పోయేది. నాలుగో జ్వరం దాటి మేత మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్నే నేను బయట చేరాను. గడ్డివామి పక్కన చాప వేసుకుని కూర్చుంటే, కొట్టంలో పురుగులు ఆకు తింటున్న చప్పుడు చిన్న వాన పడుతున్నట్టు వినిపించింది. ఆ చప్పుడు వింటూ ఎంత మురిసిపోయానో చెప్పలేను.

అమ్మ తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. ముదురాకుపచ్చ నేత చీర. నా పెళ్ళిలో వియ్యాలవారు ఆమెకు పెట్టినది. నా కాపురం చెడినప్పటి నుంచి ఆమె దాన్ని ముట్టలేదు. "ఇప్పుడెందుకు మా అది?" అని దూరం నుంచే అరిచాను. "దినామూ కట్టే చీరలకు పొగాకు వాసన పట్టింటుందే. ఇదైతే పెట్టెలోనే ఉండె" అంది. కొంగు రొండిన దోపి ఒడి కట్టుకుని, తోటలో ఆకు కోసి, ఒడినిండా తెచ్చి తట్టల్లో పరిచింది. గంపలో దుమ్ముంటుందని గంప కూడా ముట్టలేదు. ఆ రోజంతా ఆమె నడుము వంచి తిరుగుతూనే ఉంది.

రెండో దినం మధ్యాహ్నం నవ్వుతూ కొట్టంలోంచి బయటికి వచ్చింది. "పురుగులు తలకాయలెత్తి నిలిచిపోయినాయి తల్లీ. తినేది నిలిపేసినాయి. జ్వరం పట్టినట్టుండాది" అంది.

ఐదో జ్వరమనేది లేదు.

లేచి గుమ్మం దాకా పరుగెత్తాను. గడప దగ్గర కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. లోపలికి పోతే, ఏమీ కాని పురుగులు నా వల్లే పోతాయేమో. "ఒక తట్ట ఎత్తుకుని రా మా" అన్నాను. ఆమె గుమ్మం దగ్గరికి తెచ్చి చూపించింది. పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. వాటి నోళ్ళ నుంచి ఆకుపచ్చటి రసం కారి ఆకుల మీద మరకలు కట్టింది. కొన్ని అప్పటికే ముడుచుకుపోయాయి. ఇక మడీ గిడీ నాకు గుర్తులేదు. గడప దాటి లోపలికి పోయి ఒక్కొక్క తట్టా దించి చూశాను. అన్నీ అంతే. ఒక్క తట్ట కూడా మిగల్లేదు.

తట్టల మధ్య కూలబడి ఏడ్చాను. అమ్మ పక్కన కూర్చుని, ముట్టుకోకూడదని కూడా మరిచిపోయి, నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ కొంగు గుప్పుమంది.

"ఈ చీర పెట్టెలో దేంతో పెట్టింటివి మా?" అని అడగబోయి ఆగిపోయాను. అడగనక్కర్లేదు. మంచి బట్టలకు పురుగు పట్టకూడదని మా ఇళ్ళలో పెట్టె అడుగున, మడతల మధ్య పొగాకు ఆకులు పరుస్తారు. నా పెళ్ళయిన ఏడాది ఆమె పరుస్తుంటే నేనే ఆకులు అందించాను. ఏళ్ళ తరబడి పెట్టెలోని గాలే పీల్చిన చీర అది. ముప్పై ఏళ్ళు పొగాకు నమిలిన మనిషి ముక్కుకు ఆ వాసన తెలియలేదు. ఆమె దాన్ని నా పురుగుల కోసం, అన్నిటికంటే శుభ్రమైనదని ఏరి కట్టుకుంది.

నేను కొట్టంలోంచి బయటికి రావడం వదిన చూసింది. సాయంత్రానికి అన్న వాకిట్లో నిలబడ్డాడు. "బయటుండేదానివి లోపలికి యాల పోతివి? నీ పంటను నువ్వే మైలచేసి చంపుకుంటివి గదే" అన్నాడు. నేను బదులు చెప్పబోయేలోగా అమ్మ మధ్యలోకి వచ్చింది.

"దాన్నేం అనకు నాయనా. అది పొయ్యేలోగానే అయిపోయింది. నేను పొగాకు తింటిని. ఉండలేక దొంగగా తింటిని. ఆ చేత్తోనే ఆకేస్తిని. బిడ్డకు ఇంగో పంట వదులు."

ఆమె అబద్ధం చెబుతోందని నాకు తెలుసు. ఆ అబద్ధం నిజానికి ఎంత దగ్గరగా ఉందో ఆమెకు తెలియదు. నేను నోరు తెరిచి చీర సంగతి చెబితే నా మీద నింద పోయేది, కానీ ఆమె మీద నింద నిజమయ్యేది. తన చేత్తోనే కూతురి పంట పోయిందని తెలిసి ఆమె ఎట్లా బతికేది? చెప్పలేకపోయాను. అన్న కన్నతల్లి ముందు నేల మీద ఉమ్మాడు. "తల్లీకూతుర్లు ఇద్దరూ ఇద్దరే. మాటంటే మాటే" అని లోపలికి పోయాడు.

వారం తిరగకుండానే పేరేసంద్ర రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. అమ్మ నాతో నడిచి వచ్చింది. బస్సు కనిపించాక నా చెయ్యి పట్టుకుని గబగబా చెప్పింది. "నేను పొగాకు ముట్టలేదు తల్లీ. ఒక్క పలుకు ముట్టలేదు. మీయన్న నిన్ను ఒగ మాట అనకుండా ఉండల్లని అట్ల చెప్తిని. ఊరంతా ఏమన్నా అనుకోనీ, నువ్వొక్కదానివి నమ్ము."

"నాకు తెలుసు మా" అన్నాను.

ఒక చిన్న మూట నా చంకలో పెట్టింది. "నీకిచ్చేకు నా దగ్గర ఇంగేముండాది? ఇదొక్కటే మంచిది" అంది. విప్పి చూడనక్కర్లేకపోయింది, వాసనే చెప్పింది.

అమ్మ ఆ తరువాత నాలుగేళ్ళు బతికింది. పొగాకు మళ్ళీ ముట్టలేదట. ఊళ్ళో మాత్రం కూతురి పంటను నమిలి ఉమ్మిన మనిషిగానే మిగిలిపోయింది. నేను వెళ్ళి ఒక్క మాట చెప్పి ఆ పేరు మాపలేదు. ఆమె మీద జాలితో చెప్పలేదా, లోపలెక్కడో కోపం ఉండి చెప్పలేదా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. కొంత కోపమూ ఉంది.

ఆ రోజు చింతామణిలో బస్సు దిగి ఆ వ్యాపారి ఇంటికి చేరేసరికి ఎండ దిగుతోంది. మంచంలో పడుకున్న ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. నా చంకలోని మూట వైపు చూసి ముక్కు చిట్లించింది.

"పొగాకు తింటావా?" అని అడిగింది.

తింటానని చెప్పాను.