గడుల్లో పట్టని ‘మ్మ’

“నరసింహ ఏందే? నేను మొగోణ్నా? నా ‘మ్మ’ ఎటువాయె?”

“లొల్లి జెయ్యకు నానమ్మా. గడులు అయిపోయినయ్, గంతే.”

“ఇంకో గడి పెట్టు. గడులేమన్న మీ నాయిన కొన్నడా?”

“మా నాయిన నీ కొడుకే గద!”

శాలిబండ నుంచి నడిచిపోయేంత దూరంలోని కంటి దవాఖానలో, నా కుడికంటి ఆపరేషన్‌కు ముందురోజు జరిగిన గొడవ ఇది. మనవరాలు అక్కడే కంప్యూటర్ మీద పని చేస్తుంది. అక్కడి పాత కంప్యూటర్‌ను తీసేశారని నిన్న అది చెప్పగానే అంతా గుర్తొచ్చింది. మూడో తరగతితో బడి మానేసినా, నా పేరు ఇంగ్లీషులో ఉన్నా గుర్తుపడతాను. దవాఖాన చీటీలో అది పొడవాటి ఇంటిపేరు తరువాత ‘నరసింహ’ దగ్గరే ఆగిపోయింది. కౌంటర్ దగ్గరి భాయ్ “నరసింహ దాదా కౌన్ హై?” అని తాతను పిలిచినట్టు కేకేస్తే బెంచీల మీదివాళ్లంతా నవ్వారు. పేరు సరిచేయకపోతే ఆపరేషనే వద్దని కూర్చున్నాను.

మనవరాలు నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్లింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, వరుస కింద వరుస, అన్నీ ఒకే పొడవు. నడుమ గీత లేదు, కామా లేదు. పేరుకు ఎవరికైనా అన్నే గడులట, గడికో అక్షరమట. చిన్న పేరైతే మిగిలినవి ఖాళీగా ఉండాలట. పాల కవర్లు కూడా కడిగి దాచేదాన్ని, నాకు ఒళ్లు మండింది.

“గింత జాగ దండుగ జేస్తరా? గా రాములు పేరు పక్కన మస్తుగున్నది, నాకియ్యి.”

“అది ఆయనది నానమ్మా. కంప్యూటర్ ఎన్నో గడిల ఏమున్నదో గదే చూస్తది. ఒక్క ఖాళీ తీసినా ఎనకటియన్నీ జరుగుతయ్.”

“అయితే నా ‘మ్మ’ను ఇరికియ్యి.”

నా పేరు పక్కనే ఉన్న ఒంటరి అక్షరం మీద అది వేలు పెట్టింది. “గిది ‘ఆర్’. రైట్, కుడికన్ను అన్నట్టు. నీ ‘మ్మ’ దీని మీద కూసుంటది. ఇగ ఏ కన్ను కోస్తరో నీ ఇష్టం.”

దండుగ అనుకున్న ఆ ఖాళీలను మళ్లీ చూశాను. ఏమీ లేనిచోట కూడా ఎవరి చోటు వాళ్లు కాపాడుకుంటూ, ఆ తెర మీద అంతమంది వెంట్రుకవాసి జరగకుండా నిలబడి ఉన్నారు. చార్మినార్ సందుల్లో పెరిగినదాన్ని, ఒకరినొకరు తోసుకోని జనాన్ని ఎన్నడూ చూడలేదు. తెరను తాకబోయిన వేలిని వెనక్కి తీసుకున్నాను, ఎవరైనా జరిగిపోతారేమోనని.

మర్నాడు పొద్దున ఆ సగం పేరు పిలిస్తే లేచి వెళ్లాను. కుడికంటికి ఆపరేషన్ చేసి, మధ్యాహ్నానికి ఇంటికి పంపారు.