తామర పైసల మీది చుక్క

మొన్న శుక్రవారం పొద్దున ఇత్తడి కుందిని చింతపండు గుజ్జుతో తోముతుంటే, ఆ పులుపూ లోహమూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ముప్పై అయిదేళ్లు దాటినదాన్ని, తప్పు చేసి ఇంకా ఎవరికీ దొరకని ఎనిమిదో తరగతి పిల్లలా, నల్లా నీళ్లు ఊరికే పోతున్నా పట్టించుకోకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను.

అప్పుడు మేం గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. తెల్లవారకముందే వరుసలోని ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజుకునేది, ఆ పొగ సందంతా కమ్ముకునేది, సైరన్ మోగగానే టిఫిన్ డబ్బాలు తగిలించుకున్న సైకిళ్లు అందులోంచి ఒక్కొక్కటే బయటపడేవి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి. అవ్వ వాటివైపు చూడకుండానే చేయి చాపి పట్టుకునేది. అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపిన టబ్బులు లాగే యంత్రం నడిపేవాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి, ఎంత రుద్దినా కనురెప్పల అంచున కాటుకలా మిగిలిపోయే నలుపుతోనే మంచం మీద తన నాణేల పుస్తకం తెరుచుకుని కూర్చునేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పాత నాణేలంటే మాత్రం ప్రాణం.

ఆదివారం వస్తే ఖాజా కాక గడియారాల దుకాణంలో, షట్టరు సగం దించుకుని, నాణేల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు చేరేవారు. ఖాజా కాక, బాపు, కంపెనీ దవాఖానలో పనిచేసే విమల సిస్టర్, మందమర్రి నుంచి బస్సులో వచ్చే ఓదెలు కాక. ఓదెలు కాకది కూడా బాయి పనే. సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని నేనూ వెళ్లేదాన్ని. అల్లం చాయ్ వాసన, గడియారాల నూనె వాసన, గోడ మీద ఒక్కోటి ఒక్కో టైం చూపించే గడియారాల చప్పుడు, వీటి మధ్యే నాణేలు చదవడం నేర్చుకున్నాను. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో కొట్టింది, వజ్రం గుర్తు ఉంటే బొంబాయిది, ఏమీ లేకపోతే కలకత్తాది. నక్షత్రాన్ని మావాళ్లు చుక్క అనేవాళ్లు. నాణేన్ని ఎప్పుడూ కడగొద్దన్నది ఖాజా కాక మొదటి పాఠం. “మట్టి పోతె దాని వయసు గూడ పోతది బేటా,” అనేవాడు.

ఏడాదికోసారి వాళ్లు ఒక పోటీ పెట్టుకునేవాళ్లు. ఒకరు ఒక నాణెం దాస్తారు, మిగిలినవాళ్లు ప్రశ్నలడిగి, అది ఏ నాణెమో, ఏ సంవత్సరానిదో, ఏ టంకశాలదో ఊహించి చీటీ రాస్తారు. నాకు పన్నెండేళ్లప్పుడు నాణెం దాచింది ఖాజా కాక, గెలిచింది పండక్కి చుట్టపుచూపుగా వచ్చి ఆటలో కలిసిన ఆయన బావమరిది. ఓదెలు కాక చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, “ఇంట్లోళ్లకు చెప్పుకునేటిదానికి మమ్ముల ఎందుకు పిలిచినవ్?” అని లేచి వెళ్లిపోయాడు. ఖాజా కాక నిజంగా చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు, నెలల తరబడి ఆదివారాలు ఆగిపోయాయి.

చివరికి విమల సిస్టరే మందమర్రి వెళ్లి ఓదెలు కాకను ఒప్పించింది. ఈసారి నాణెం ఏ పెద్దవాళ్ల చేతిలోనూ ఉండకూడదు, రజిత దాచాలి అన్నారు. రజిత అంటే నేను. ఖాజా కాక డబ్బాలోని పాత నాణేల్లోంచి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుని, అగ్గిపెట్టెలో పెట్టి, బాపుకు కూడా చూపించకుండా నా దగ్గరే ఉంచుకోవాలి. రెండు ఆదివారాలు ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడగాలి, నేను అవును కాదు అనే చెప్పాలి. మూడో ఆదివారం చీటీలు, ఆ పై వారం తీర్పు. బహుమతి ఖాజా కాక ఇచ్చే నిజాం కాలపు చార్మినార్ బొమ్మ వెండి రూపాయి, కాబట్టి ఆయన ఆడడు. ఆ రూపాయి కోసం బాపు పుస్తకంలో ఒక గడి ఎన్నేళ్లుగానో ఖాళీగా ఉంది. ఓదెలు కాక సంగతి వేరు. వాళ్లమ్మ మెడలో అలాంటి రూపాయలు గుచ్చిన దండ ఉండేదట, వాళ్ల నాయన బాయిలో దెబ్బ తగిలి మంచాన పడ్డప్పుడు ఒక్కొక్కటే అమ్మేశారట.

నా చేతికి వచ్చింది తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసల బిళ్ల, పందొమ్మిది వందల డెబ్బై నాటిది. ఎవరింట్లో పూజలందుకుందో, నూనె జిడ్డూ కుంకుమా గట్టిపడి నల్లగా ఉంది. రెండో ఆదివారానికే ముగ్గురికీ అది తామర పైసలని తెలిసిపోయింది, డెబ్బైదో డెబ్బై ఒకటిదో తేలాలి, టంకశాల తేలాలి. చివరి ప్రశ్న ఓదెలు కాకది. “సంవత్సరం కింద చుక్క ఉన్నదా బిడ్డా?” జిడ్డు కింద ఏముందో కనబడడం లేదని చెప్పాల్సింది. అందరూ నా నోటివైపే చూస్తున్నారన్న గర్వంలో, “లేదు కాకా,” అనేశాను.

మూడో ఆదివారం చీటీలు కవరులో పెట్టి అంటించారు. ఇంటికొచ్చాక బాపు నేను వింటున్నానని చూసుకోకుండా అవ్వతో అన్నాడు: “డెబ్బైదే, కలకత్తది. ఈసారి మనదే.” ఆయన గొంతులో అంత సంతోషం నేను బోనసు రోజు కూడా వినలేదు.

గురువారం అవ్వ బతుకమ్మ పండుగకని పూజ సామాన్లు తోమి, చింతపండు గుజ్జు కొంచెం గిన్నెలో వదిలేసింది. తీర్పు రోజు నాణెం మెరిసిపోవాలని నాకో పిచ్చి ఆశ. ఖాజా కాక మాట గుర్తున్నా, గుజ్జు రాసి బొటనవేలితో రుద్దాను. నలుపు పోయి పసుపు తేలింది, పువ్వు రేకులు తేలాయి, సంవత్సరం అంకెల కింద ఆవగింజంత నక్షత్రం తేలింది. మళ్లీ రుద్దాను. పోలేదు.

ఆ తర్వాత మూడు రోజులు నాకు తిండి రుచి తెలియలేదు. వాడంతా తంగేడు, గునుగు పూల వాసన. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే నా చప్పట్లు ఒక్కటీ కలవలేదు. ప్రసాదంగా పంచే నువ్వుల సద్ది చేతిలో పెట్టి, “జరమొచ్చిందా ఏంది?” అని అవ్వ నుదురు పట్టుకుని చూసింది. అవ్వ దగ్గర లక్ష్మీపూజ కోసం దాచిన తామర పైసల సంచి ఉంది. వాటిలో బంగారం కలిసిందని మా వాడ ఆడవాళ్ల నమ్మకం. శనివారం అవ్వ నీళ్లకు వెళ్లినప్పుడు ఆ సంచి విప్పి ఒక్కొక్కటే తిప్పి చూశాను. డెబ్బై నాటిది, కింద ఏ గుర్తూ లేనిది ఒకటి దొరికింది. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టాను. ఇక నా జవాబు తప్పు కాదు, బాపు చీటీ తప్పు కాదు, ఎవరికీ ఏమీ తెలియదు.

ఆదివారం ఓదెలు కాక అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఖాజా కాక వెండి రూపాయిని బల్ల మీద పెట్టి, కంటికి భూతద్దం బిగించుకుని, అగ్గిపెట్టె తెరవబోయాడు. అసలు నాణెం నా గుప్పిట్లో చెమటకు తడిసిపోయింది.

“కాకా, ఆగు,” అన్నాను.

గుప్పిట తెరిచి నాణెం ఆయన ముందు పెట్టాను. అగ్గిపెట్టెలో ఉన్నది మా ఇంటిదని, అసలుది ఇదని, చుక్క నాకు గురువారం కనబడిందని, ఏ ముక్క ముందో ఏది వెనుకో తెలియకుండా చెప్పేశాను. ఖాజా కాక చాలాసేపు చూశాడు. అది కడిగిన నాణెమని ఆయనకు తెలిసిపోయింది. నన్నొకసారి చూసి, ఆ సంగతి ఎత్తకుండా, “చుక్క ఉన్నది,” అని మాత్రం అన్నాడు.

“మీ బాపుకు ఎరుకేనా?” ఓదెలు కాక అడిగాడు.

“ఎవ్వలకు చెప్పలే.”

ఓదెలు కాక బాపు ముఖంలోకి చూశాడు. బాపు ముఖం తెల్లబోయి ఉంది; దాన్ని చూసి నన్ను నమ్మాడో, నా మాట విని నమ్మాడో నాకు తెలియదు. బాపు లేచి కవరు చింపి, తన చీటీని విప్పకుండానే ముక్కలు చేశాడు.

“తప్పు జవాబు మీద రాసినం. చెల్లది,” అన్నాడు.

సిస్టర్ తనది చింపింది. ఓదెలు కాక మాత్రం చీటీని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. అందులో ఏముందో మాకు ఎప్పటికీ తెలియలేదు. చివరికి ఆయనా చింపాడు. మళ్లీ ఆడదామని, ఈసారి వేరే ఎవరైనా నాణెం దాస్తే మంచిదని ఖాజా కాక మెల్లగా అన్నాడు.

“వేరేటోళ్లయితె నేను రాను,” అన్నాడు ఓదెలు కాక. “పిల్ల దగ్గర్నే ఉండాలె.”

తిరిగి వస్తుంటే బాపు సగం దారిలో సైకిల్ ఆపి దిగాడు. ఆయన గెలిచేవాడని నాకు తెలుసని చెప్పి ఏడ్చాను. “నేనట్ల గెలిస్తె ఓదెలు మల్ల వస్తుండెనా?” అన్నాడు, నా మొహం తువ్వాలతో తుడుస్తూ. “ఆ పైస మాత్రం మీ అవ్వ సంచిల జల్ది పెట్టు. ఆమెకు దొరికితె మనిద్దరికి బువ్వ లేదు.”

దీపావళి వెళ్లాక రెండోసారి ఆడిన ఆటలో విమల సిస్టర్ గెలిచింది. ఓదెలు కాక ఆ వెండి రూపాయిని ఒకసారి అడిగి తీసుకుని, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో చార్మినార్ బొమ్మను తడుముతూ ఉండిపోయాడు. “ఉంచుకో అన్నా,” అని సిస్టర్ అంది. “గెలిచినోళ్లదే,” అని బల్ల మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఇప్పుడు ఆ దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఖాజా కాక లేడు, బాపూ లేడు. నాణేల వాళ్లు ఫోన్ గ్రూపుల్లో ఉన్నారు. ఫొటో పెడితే అర నిమిషంలో సంవత్సరం, టంకశాల, ధర అన్నీ చెప్పేస్తారు. పోయిన ఎండాకాలం గోదావరిఖని వెళ్లినప్పుడు మా క్వార్టర్ చూద్దామని నడిచాను. ఓపెన్‌కాస్టు అక్కడిదాకా వచ్చేసింది. మా వరుస ఉండాల్సిన చోట కంచె, కంచె అవతల తుమ్మచెట్లు మొలిచిన మట్టిగుట్ట. కాపలా మనిషి కర్ర పట్టుకుని దగ్గరికొచ్చి, “ఎవలు గావాలె అక్కా?” అని అడిగాడు. కంచె అవతలి మట్టిగుట్టను చూపించి, “మా ఇల్లు గక్కడుండె,” అన్నాను.