గోడ అవతల మా అత్త

మా అత్త మంత్రసాని. మాదాపూర్ గుట్టల నడుమ మా వాడలోనే కాక, రాయదుర్గం, మదీనాగూడ దాకా నడిచిపోయి కాన్పులు చేసేది. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, తనూ బాప్తిస్మం తీసుకుంటానని పట్టుపట్టింది. కొడుకు కోసమే ఆ పట్టు. ఉన్న ఒక్క కొడుకూ, అంటే నా పెనిమిటి, నాతోపాటు బాప్తిస్మం తీసుకున్న ఆరు నెలలకే జ్వరంతో పోయాడు. ఆయన్ను ప్రార్థన గుడి వెనక, రాతి గోడ కట్టిన సంఘం సమాధుల జాగాలో పెట్టాం. బాప్తిస్మం లేనివాళ్లకు ఆ గోడ లోపల చోటు లేదు.

"నన్ను నా కొడుకు పక్కన పండవెట్టాలె. గంతే," అనేది అత్త.

అయితే అడగ్గానే నీళ్లలో ముంచరు. ముందు పరీక్ష ఉంటుంది. సంఘపెద్దల ఎదుట చాప మీద కూర్చొని, సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశిగారు అడిగిన వాటికి జవాబులు అప్పజెప్పాలి. దేవుడు నిన్ను ఎప్పుడు ఏర్పరచుకున్నాడు? లోకం పుట్టకముందే. నువ్వు దేనివల్ల నీతిమంతురాలివయ్యావు? నా పుణ్యం వల్ల కాదు, విశ్వాసం వల్లనే. నాలుగక్షరాలు వచ్చిన కోడలిని కాబట్టి నేర్పే పని నా నెత్తిన పడింది. నాకేమో ముక్కు మీద కోపం, ఆమెకేమో నోరు తిరగదు. జొన్నలు చెరుగుతూ మొదలుపెడితే, పొయ్యి ఆరేలోగా ఇద్దరం అలిగి చెరో మూల కూర్చునేవాళ్లం.

"లోకం పుట్టకముందే నన్ను ఏరుకున్నడు గదా, ఇగ గీ పరీక్ష ఎందుకే?" అని అడిగిందొకసారి.

"జర చెప్పింది చెప్పత్తమ్మా" అని కసిరాను.

పరీక్ష ఒక ఆదివారం పెట్టారు. ఉపదేశిగారు కోస్తా వైపు మనిషి. మెత్తనివాడే, కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రావాలి ఆయనకు. మొదటి రెండు ప్రశ్నలు ఎలాగో గట్టెక్కాయి. తర్వాత ఆయన, "అమ్మా, మీరు తిరిగి జన్మించారా? ఎలా జన్మించారో చెప్పండి" అన్నారు.

మారుమనస్సు పొంది, పరిశుద్ధాత్మ వలన జన్మించానని చెప్పాలి. అత్త పక్కనే కూర్చున్న నా వంక చూసింది. మరిచిపోయిందని నాకు తెలిసిపోయింది. ఆమె ఆయన వైపు తిరిగి సొంత మాటల్లో అందుకుంది.

"నేను శానమంది పిల్లల్ని పట్టిన అయ్యా. పుట్టేటి పిల్ల ఏం జేస్తది? ఏం జెయ్యది. నొప్పులన్నీ తల్లియే, పానం మీదికి తెచ్చుకునేది తల్లే. పిల్లకు పుట్టినట్టు గూడ ఎర్కుండది. మల్ల పుడితె గూడ గంతే గదా. ఇందుల నేనేం జేసిన అని జెప్పాలె?"

పెద్దల్లో ఒకరిద్దరు నవ్వారు. మగవాళ్ల ముందు కాన్పుల సంగతి ఎత్తిందని నాకు తల కొట్టేసినట్టయింది. చాటుగా ఆమె తొడ మీద గట్టిగా గిల్లాను. ఆమె ఠక్కున నోరు మూసుకుంది. ఉపదేశిగారు పుస్తకం మూసి, "ఈసారికి వద్దులెండి. ఎండాకాలంలో మళ్లీ చూద్దాం" అన్నారు.

ఎండాకాలం దాకా ఆమె ఉండలేదు. వాడలో లేచిన గత్తర, అదే కలరా, ఆమెకూ తగిలింది. వాంతులు, విరేచనాలతో రెండో రోజుకే కళ్లు లోతుకుపోయాయి. మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకొని, అడగకుండానే ఆ మూడో జవాబు అప్పజెప్పింది. ఒక్క మాట కూడా తప్పలేదు.

"సరిగ్గ జెప్పిన్నా?" అంది.

"సరిగ్గానే చెప్పినవత్తమ్మా" అన్నాను. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఆమెను గోడ బయట పూడ్చారు. ఉపదేశిగారు వచ్చారు గానీ, గోడ లోపలే నిలబడి ప్రార్థన చేశారు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. పరీక్షలో ఆమె తప్పు చెప్పలేదని నాకా రోజు తెలియదని ఎవరైనా అంటే అనొచ్చు. కొంచెం తెలుసు. గిల్లినప్పుడే తెలుసు.

తర్వాత ఏళ్ల తరబడి వాక్యం విన్నాను. మన చేతిలో ఏమీ లేదని, అంతా దేవుడు పడ్డ నొప్పులేనని ఎందరో బోధకులు చెప్పారు. విన్న ప్రతిసారీ ఏడుపొచ్చింది. వాళ్లెవరూ మా అత్త కంటే బాగా చెప్పలేదు. ఆమె మాత్రం బయటే ఉండిపోయింది. నేను చిలకలా అప్పజెప్పి నెగ్గినదాన్ని, గోడ లోపల నా పెనిమిటి పక్క జాగా నాకు ఉంచారు.