యొర్దాను ఒడ్డున తాటిచెట్లు

ముప్పయ్యొక్క ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసిన జీవరత్నం తన జీవితంలో నూనెరంగులతో వేసినది ఒకే ఒక్క చిత్రం. చీపురుపల్లి దగ్గరి తమ బాప్టిస్టు చర్చిలో, బాప్తిస్మపు తొట్టి వెనుక గోడ మీద, యొర్దాను నదీ తీరాన ఒక కొండ, దాని నిండా చెట్లు. 2013 జూన్ పదహారున సంఘం చేసిన తీర్మానంలో 'తగిన వృక్షములతో కూడిన పర్వతము' అని మాత్రమే ఉంది. ఏ వృక్షములో రాయని వారిది తప్పా, అరవై ఏళ్లుగా తన కిటికీలోంచి చూస్తున్న కొండనూ దాని తాటిచెట్లనూ వేసిన ఆయనది తప్పా?

సంఘపెద్ద విక్టర్ స్వయానా ఆయన బావమరిది. చిత్రం చూడగానే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏటి బావా ఇది? యొర్దాను కాడ తాటిసెట్లేటి? నీట మునిగి లేసినోడికి దేవుడి కన్నా ముందల కల్లు గుర్తొస్తాది!"

"కల్లుకుండ ఎక్కడైనా ఏసినానా? సూపించు!"

"కుండెందుకు? సెట్టు సూస్తే సాలదేటి మనోళ్లకి?"

ఆదివారమే బాప్తిస్మాలు. శనివారం గోడకు సున్నం కొట్టించాలని సంఘం తేల్చేసింది. జీవరత్నం తీర్మానం నకలు చేతబట్టి తొట్టి మెట్ల మీద బైఠాయించాడు. ఒక్కరైనా చదివితే ఒట్టు.

సున్నం వేసే ఎర్రన్న వచ్చి కొండ నెత్తిన ఒక పూత పూశాడు. ఎడతెరిపిలేని వానలకు నెలరోజులైనా ఆరని నూనెరంగు అది. సున్నం పట్టనిచ్చింది కాదు. తాటిమట్టల మీదుగా పాయలు పాయలుగా జారి లోయల్లో నిలిచింది. మళ్లీ పూస్తే మరింత జారింది.

"గోడంతా జిడ్డే బాబూ, నానేటి సెయ్యను?" అంటూ ఎర్రన్న బకెట్టు దించేశాడు.

విక్టర్ నాలుగడుగులు వెనక్కి వేసి కళ్లు చికిలించాడు.

"స్తోత్రం! యొర్దాను పుట్టిన మంచు కొండ, హెర్మోనే ఇది! తాటిసెట్లు కూడా కప్పడిపోనాయి. బలే ఏసినావు బావా!"

జీవరత్నానికి ఒళ్లు మండిపోయింది. "ఆ మంచు నాను ఏయలేదు. తుడిపించు!"

భార్య జ్ఞానసుందరి ఆయన మోచేతి మీద గిల్లింది. "ఊరుకోండి మీరు. తుడిస్తే మంచుతోపాటు కొండా పోతాది."

అది నిజమే గనుక ఆయన ఊరుకున్నాడు. అయితే, చేయని పనికి పేరు మోసే మనిషి కాడు. ఆదివారం జనం వచ్చేసరికి చిత్రం అడుగున నల్లని గుండ్రటి అక్షరాలు వెలిశాయి:

'కొండ, తాటిచెట్లు: జీవరత్నం. మంచు: సంఘం.'