మామ మంచానికి పట్టిన తుప్పు

చేతిలో పని కాస్త పక్కనపెట్టి నా దగ్గరికి జరగండి, ఒక ఇనుప మంచం సంగతి చెబుతాను. ఆ రోజుల్లో నేను వేంపల్లెలో కొత్త కోడలిని. ఎవరేమడిగినా తెలిసినట్టు తలూపడమే నాకొచ్చిన పెద్ద విద్య. నేను కాపురానికొచ్చిన సంవత్సరమే మా మామ పోయాడు. పోయిన మనిషి మంచం లోపల ఉండకూడదని పెరట్లో వేశారు. ఏడాది తిరిగేసరికి వానలకు తడిసి ఎర్రగా తుప్పు పట్టింది. అత్త దాన్ని లోపలికి తెప్పించి దానిమీదే పడుకునేది. పొద్దున లేస్తే చీరంతా తుప్పు మరకలే (ఉతికేది నేనే మరి).

మరిది విసుక్కున్నాడు. "మా, ఇది పాత ఇనుము అంగడికి ఏసేస్తా. నీకు కొత్తది తెస్తా."

"తుప్పు పోతాదేమో ఒక్కసారి చూడు నాయనా. పోకుంటే నీ ఇష్టం," అంది అత్త. అంటూనే మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

నేనూ మరిదీ సామాన్ల అంగడికి పోయాం. శెట్టి ఒక తెల్ల డబ్బా తీశాడు.

"ఫాస్ఫారిక్ యాసిడ్ అంటారప్పా దీన్ని. బాత్రూం యాసిడ్ మాదిరి పొగలు రావు, పాకం మాదిరి చిక్కగుంటాది. అట్లని చెయ్యి పెట్టేవు! నీళ్లలోకి దీన్ని పొయ్యాల, దీంట్లోకి నీళ్లు పొయ్యగూడదు. డీఏపీ ఎరువు చేసేది దీంతోనే. చీనీకాయల తోటల్లో డ్రిప్పు పైపులకు పట్టిన సున్నం కరిగించేదీ ఇదే. నువ్వు తాగుతాండే నల్ల కూల్‌డ్రింకులో గూడా రవ్వంత ఉంటాది."

మరిది గుటక మింగకుండా అంగడి మెట్లమీదే ఉమ్మేశాడు. "వదినా, నాకేం కాదు కదా?" అని దారంతా అదే పాట. ఏం కాదని గట్టిగా చెప్పాను (నాకేం తెలుసని!).

చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొని బ్రష్షుతో పూశాం. వెండిలా మెరుస్తుందని ముగ్గురం ఎదురుచూస్తే, ఆరేకొద్దీ మంచమంతా నల్లబడింది.

"మాడిపోయిందే! ఇంక అంగడికి ఏసేదే," అని మరిది నెత్తి పట్టుకున్నాడు.

అత్త వంగి, వేలితో రాసి చూసుకుంది. తుప్పు అంటలేదు.

"మాడిపోలేదు లేరా. మీ నాయన రంగొచ్చింది," అని నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

మంచం ఇంట్లోనే ఉండిపోయింది. పైన పెయింటు వేస్తేనే తుప్పు మళ్లీ రాదని శెట్టి చెప్పాడు కానీ, "ఆయన మీద వేరే రంగెందుకే," అని అత్త వేయనియ్యలేదు. దాంతో ప్రతి వానాకాలం తర్వాత మళ్లీ తుప్పు, మళ్లీ యాసిడ్. అత్త పోయి చాన్నాళ్లయింది. మొన్న మా కోడలు, "పచ్చ పెయింటేస్తే ఈ బాధ తప్పుతాది గదత్తా," అంది. నిజమే, ఒక్క డబ్బా చాలు. అయినా నేను బ్రష్షు పట్టుకొని మంచం కిందికి దూరాను. నడుము పట్టేసి, ఇద్దరు చెరో రెక్క పట్టుకొని లాగితే గానీ బయటికి రాలేదు.

మీ ఇళ్లలో ఏ మంచమూ ఖాళీ పడకుండా, అందరూ చల్లగా ఉండండి తల్లీ.