ఇవ్వని దరఖాస్తు

ఇరవై ఏళ్లకు పైగా ఒక దరఖాస్తు కాగితాన్ని మోస్తున్నాను. కాగితం బరువెంతని నవ్వకండి. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. మీరు నా మొహం ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను. చూశారా, ఇందులో కూడా పిరికితనమే.

సలోమిదీ నాదీ ఒకే బెంచీ. ఉదయగిరి కాలేజీలో బీఎస్సీ మొదటి ఏడాది కలిసి చదివాం. రెండో ఏడాది ఆత్మకూరు కాలేజీకి మారదామని పోరు పెట్టింది నేను. అక్కడ ల్యాబులు బాగుంటాయన్నాను. నిజానికి నాకు కావలసింది టౌను, హాస్టలు, ఇంట్లోవాళ్ల కన్ను లేని సాయంత్రాలు. వాళ్లది దుత్తలూరు, మెట్ట వ్యవసాయం. నా మాట నమ్మి, వాళ్ల నాయనను ఒప్పించి నాతో వచ్చింది.

మూడు నెలలకే నాకు మొహం మొత్తింది. నీళ్ల చారు, బాత్రూం దగ్గర లైను. పాత కాలేజీకి తిరిగి పోదామా వద్దా అని రోజుకో మాట అనుకునేదాన్ని. పోతే "ఏందే, అప్పుడే వచ్చేసినావా?" అని ఉదయగిరిలో నవ్వరా? ఇదీ నా బాధ. సలోమి బాధ వేరు. వాళ్లమ్మ నడుము విరిగి మంచాన పడింది. "సాయంత్రానికి ఇల్లు చేరే కాలేజీ అయితే చదువుకో, లేకుంటే మానెయ్" అన్నాడు వాళ్ల నాయన. అంటే ఉదయగిరే. ఆమె ఒక్క రోజులో తేల్చుకుంది. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని ఇద్దరి దరఖాస్తులూ తనే రాసింది. నేను సంతకం పెట్టానంతే. మా ఇల్లు ఉదయగిరిలోనే కాబట్టి రెండూ నా చేతికే ఇచ్చింది.

ఉదయగిరి కాలేజీ ఆఫీసులో ఇద్దరం తిరిగొస్తామని చెబితే, "మీ గ్రూపులో ఒక్క సీటే ఉండాది. ఇద్దరివీ ఇచ్చిపో. ఇంటర్ మార్కులు చూసి ఎవరికో ఒకరికి ఇస్తారు" అన్నాడు గుమాస్తా. ఎవరికిస్తారో నాకు తెలుసు. దరఖాస్తుకు జతచేసిన ఆమె ఇంటర్ మార్కుల జిరాక్సు బస్సులోనే చూశాను. నాది ఒక్కటే తీసి ఇచ్చాను. "రాత ముత్యాల మాదిరి ఉండాదే" అని ఆయన మెచ్చుకుంటే, సిగ్గులేకుండా "థాంక్స్ సార్" అన్నాను. ఛీ. రెండో కాగితాన్ని బాత్రూంలో చించి పడేసి, అక్షరాలు అలుక్కుపోయేదాకా నీళ్లు పోశాను. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది. వణకలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

సోమవారం ఆత్మకూరులో హాస్టల్ గేటు దగ్గరే కాచుకుని ఉంది.

"ఏమన్నారే?"

"ఒక్క సీటే ఉండాదంట. ఇంటర్ మార్కులు చూసినారు. నాకిచ్చినారు."

"పోన్లేవే, నీకన్నా వచ్చింది గదా. నా మార్కులకు ఎవరిస్తార్లే" అంది.

ఆమెకు అనుమానం ఎందుకు రాలేదంటారా? నేను నా మార్కులు అందరికీ పెంచి చెప్పుకున్నదాన్ని. ఉత్త గొప్పలకు ఆడిన అబద్ధం ఆ పూట నన్ను కాపాడింది. నా పెట్టె సర్దింది కూడా ఆమే. వారం తిరక్కుండా ఆమె చదువు మానేసింది.

చిన్నతనమని సర్దిచెప్పుకోనా? నాకు పంతొమ్మిదేళ్లు. ఆమెకూ పంతొమ్మిదే. నన్ను మానెయ్యమన్నవాళ్లు లేరు, ఇంట్లో మంచాన పడినవాళ్లు లేరు, ఆ రెండేళ్లు ఆత్మకూరులోనే ఉండిపోయినా నా కొంప మునిగేది కాదు, అలాంటిది చారు బాగాలేదని ఒక మనిషి చదువు లాగేసుకున్నానే అని తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఇప్పుడు నేను టీచర్ని. పక్కవాడి పెన్సిల్ తీసిన పిల్లాణ్ణి నిలబెట్టి నీతులు చెబుతాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే అసహ్యంగా వినబడుతుంది.

పోయిన నెల దుత్తలూరు బస్టాండులో సలోమి కనబడింది. పక్కన కూతురు. ఇంటర్ అయిపోయిందట, ఏ కాలేజీలో చేర్చాలా అని తిరుగుతున్నారట. నన్ను చూసి ఎంత సంబరపడిందో! చెయ్యి వదల్లేదు. "ఈ ఆంటీ బాగా చదివేదే, అందుకే సీటిచ్చినారు. నాకు బుర్ర లేదు, ఆగిపోయినాను. నువ్వూ నా మాదిరే పుట్టినావు" అంది కూతురితో, నవ్వుతూనే. ఆ పిల్ల తల దించుకుంది. చెప్పడానికి అంతకంటే సమయం ఏముంది? నేనూ నవ్వాను. బస్సు వస్తే ఎక్కేశాను.

తీసుకున్నది సీటు ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. తనకు బుర్ర లేదని ఆమె నమ్మింది. ఇప్పుడు ఆ పిల్లనూ నమ్మిస్తోంది. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుంది, అది నేను భరించలేను. ఒక్క మాట మాత్రం ఇక్కడ రాస్తాను, రాస్తుంటేనే కాస్త ఊపిరాడుతోంది. సలోమీ, నీకు నాకంటే నలభై ఏడు మార్కులు ఎక్కువ.